వానాకాలం వెళ్ళాక

మల్కాపురంలో మా వీధి చివర
బొగ్గుధూళి వాలిన రేకుల షెడ్డు కింద
నా బండి నిలబడి ఉంటుంది.
ఇరవయ్యారేళ్ళ ఆర్మడా.
నాలుగు చక్రాలూ లాగుతాయని కాగితాల్లో ఉంది.
ప్రస్తుతానికి లాగేవి రెండే,
అందులో ఒకటి అలుగుతుంది.

నాది పోర్టులో టాలీ గుమస్తా పని.
ఓడలోంచి దిగే ప్రతి బస్తాకీ ఒక గీత,
నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఐదోది.
ఆ చేత్తోనే, రాత్రి భోజనాలయ్యాక,
పొడుగు పుస్తకం వెనకనుంచి తెరిచి
బండికి చెయ్యాల్సినవి రాస్తాను.

ముందు నేల.
డ్రైవరు కాళ్ళ కింది రేకు
జంతికల గొట్టం బిళ్ళలా చిల్లులు పడింది.
సింధియా దాటేటప్పుడు పాదాల సందులోంచి
రోడ్డు వెనక్కి పరిగెత్తడం కనిపిస్తుంది.
ఉప్పుగాలి పని.
సముద్రం మా ఊళ్ళోకొచ్చి కూర్చుని
తీరిగ్గా ఇనుము తింటుంది.

తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు.
సీలు కారుతోంది, కింద పెట్టిన డాల్డా డబ్బా మూత
వారానికోసారి నిండుతోంది.
ఫోర్ లో వేసే చిన్న లివరు బిగుసుకుపోయింది.
పోయినేడు అనంతగిరి ఘాట్‌లో,
కాఫీతోటల పక్క బురదలో,
రెండు చేతులా పట్టి లాగితే
నాబు ఊడి చేతికొచ్చింది.
పర్సులోనే ఉంచుకున్నాను.
టీకి చిల్లర వెతికితే ముందు అదే తగులుతుంది.

మర్రిపాలెం పైడియ్య మావ బండి కింద దూరి
అరగంట మాట్లాడలేదు.
బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ
“ఏటమ్మా, బండి కొన్నావా,
తుప్పు కొని దానికి రంగేయించావా?”
“నేనే చేసుకుంటాను మావా. వెల్డింగు నేర్పు చాలు.”
“నేర్పుతాను గానీ, అద్దం లేకండా సూసేవంటే
రేత్రంతా కళ్ళల్లో ఇసక పోసినట్టుంటాది.
బంగాళాదుంప కోసి పెట్టుకోవాల.”
అదీ రాసుకున్నాను: బంగాళాదుంప.

కోరికలకి వేరే పేజీ.
వెనక సీట్లు తీసేసి ప్లైవుడ్ పడకబల్ల,
దాని కింద రెండు సొరుగులు,
పనిముట్లకొకటి, వంటకొకటి.
వెనక తలుపుకి మడతబల్ల, కూరలు కోసుకోవడానికి.
పాత ఓడసామాను అమ్మే కొట్లో చూసిన
పచ్చటి ఇత్తడి దీపం.
బండిని జానెడు పైకి లేపే స్ప్రింగులు.
కొట్టేశాను.
మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాను.
పక్కన ధర రాసేసరికి
ఎంత పొడుగు కోరికైనా పొట్టిదైపోతుంది.

ఆదివారం ఎడమ తలుపు అట్ట విప్పాను,
అద్దం సగంలోనే ఎందుకు ఆగుతోందో చూద్దామని.
లోపలి రేకు మీద పెన్సిలు రాత.
గుండ్రటి అక్షరాలు, కొమ్ములు కాస్త పెద్దవి.
“నేలకి మాటు. సీలు. చిన్న లివరు.
వెనక బల్ల, సొరుగులు రెండు.”
కింద గీత గీసి,
“వానాకాలం వెళ్ళాక.”
ఏ వానాకాలమో వెయ్యలేదు.

కాగితాల్లో నాకు ముందు ముగ్గురున్నారు.
ఎవరి చెయ్యో తెలీదు,
హుద్‌హుద్‌కి ముందో తర్వాతో అదీ తెలీదు.
పొడుగు పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూశాను.
నా దాంట్లో బంగాళాదుంప ఒక్కటే ఎక్కువ.

తలుపు ముందు చతికిలబడి నవ్వుతుంటే
ఎదురింటి పిల్లాడు సైకిలాపి చూశాడు.
పెన్సిలు తీసి “సీలు” పక్కన గీత పెట్టబోయి ఆగాను.
టాలీ గుమస్తాని.
దిగని బస్తాకి గీత గీయను.

రాత్రే డీజిలు పోసి నానబెట్టిన బోల్టుకి
పద్నాలుగో నంబరు పానా తగిలించాను.
డాల్ఫిన్స్ నోస్ మీద మబ్బు దిగుతోంది.
షెడ్డు రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.
లెక్కపెట్టలేదు.
బోల్టు కిర్రుమని పావు చుట్టు తిరిగింది.